జెట్ స్కీ వినోదం - తోటివారి ప్రాణరక్షణ: యంత్రం తీరు, చట్టం, పాటించవలసిన జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

విజయవాడ: సముద్ర తీరాలలోను, నదులు, జలాశయాలలోను జలక్రీడలకు ఆదరణ పెరుగుతున్నది. వీటిలో యువతను విశేషంగా ఆకర్షిస్తున్నది జెట్ స్కీ. కొన్ని నిమిషాల సవారీకి రుసుము చెల్లించి, అంతకు ముందు ఎన్నడూ నీటిపై వాహనం నడిపి ఎరుగని వ్యక్తి సైతం దీనిని నడపడం పర్యాటక కేంద్రాలలో సాధారణ దృశ్యమైనది. రహదారిపై మోటారు సైకిల్ నడపడానికి లైసెన్సు అవసరమని అందరికీ తెలుసు. అంతకంటె బరువైన, అంతే వేగంగా పోగల యంత్రాన్ని, బ్రేకుల స్వభావం కూడా తెలియకుండా నీటిపై నడపడంలోని ప్రమాదం గురించి మాత్రం అవగాహన స్వల్పం. ఈ ప్రమాదం నడిపే వ్యక్తికి మాత్రమే పరిమితం కాదు. అదే నీటిలో స్నానం చేస్తున్నవారు, వల వేసుకుంటున్న మత్స్యకారులు, నాటు పడవలపై వెళ్తున్నవారు కూడా దీని బారిన పడే అవకాశమున్నది. అనుమతులిచ్చే అధికారులకు, ప్రమాద వార్తలను ప్రజలకు అందించే పాత్రికేయులకు ఉపకరించే విధంగా ఈ అంశంలోని ముఖ్య విషయాలను ఇక్కడ వివరించడమైనది.

జెట్ స్కీ అనగా ఏమిటి?

నీటిపై ఒకరి నుండి ముగ్గురి వరకు కూర్చొని లేక నిలబడి ప్రయాణించడానికి వీలైన చిన్న యాంత్రిక జలవాహనాన్ని సాంకేతిక పరిభాషలో వ్యక్తిగత జలవాహనం అంటారు. కొన్నిచోట్ల దీనిని వాటర్ స్కూటర్ అని కూడా పిలుస్తారు. జెట్ స్కీ అనేది వాస్తవానికి ఒక వ్యాపార నామం. జపాన్‌కు చెందిన కవాసాకి సంస్థ 1970వ దశకంలో నిలబడి నడిపే వాహనాన్ని ఈ పేరుతో విపణిలోకి తెచ్చింది. 1980వ దశకం ద్వితీయార్ధం నుండి కూర్చొని నడిపే రకాలు రావడంతో వాడకం విస్తరించింది. కాలక్రమంలో ఆ వ్యాపార నామమే ఈ తరగతి వాహనాలన్నింటికీ వాడుక పేరుగా స్థిరపడింది.

సాధారణ మోటారు పడవకు వెనుక నీటిలో తిరిగే పంకా ఉంటుంది. జెట్ స్కీకి పంకా బయటకు కనిపించదు. వాహనం అడుగున ఉన్న జాలీ ద్వారా నీటిని లోపలికి పీల్చుకొని, లోపలి పంకాతో ఒత్తిడి పెంచి, వెనుకనున్న గొట్టం ద్వారా బలమైన ధారగా వదులుతుంది. ఆ ధార వెనుకకు పోయే బలంతో వాహనం ముందుకు దూసుకుపోతుంది. పంకా బయటకు లేకపోవడం ఒక సుగుణమే. నీటిలో పడినవారికి పంకా రెక్కలు తగిలి గాయపడే భయం ఉండదు. లోతు తక్కువ నీటిలో కూడా వేగంగా పోగలదు. ఈ కారణాల వల్లనే అనేక దేశాలలో సముద్ర తీర రక్షక సిబ్బంది మునిగిపోతున్నవారిని కాపాడేందుకు జెట్ స్కీలను వాడుతున్నారు. కనుక వాహనమే చెడ్డదని భావించనవసరం లేదు. శిక్షణ పొందిన చేతిలో ప్రాణరక్షక సాధనమైన ఈ యంత్రం, శిక్షణ లేని చేతిలో ప్రాణాంతకం కాగలదు.

పట్టు వదిలితే మలుపు తిరగదు

జెట్ స్కీ ప్రమాదాలకు మూలమైన సాంకేతిక కారణం ఒకటున్నది. దీనిని ప్రతి నిర్వాహకుడు, ప్రతి అధికారి తెలుసుకొని ఉండాలి. మోటారు పడవలలో వెనుక చుక్కాని ఉంటుంది. ఇంజను వేగం తగ్గినప్పటికీ పడవ కదులుతున్నంతసేపు చుక్కాని కొంతవరకు పనిచేస్తుంది. జెట్ స్కీలో చుక్కాని లేదు. హ్యాండిల్ తిప్పినప్పుడు వెనుకనున్న నీటి గొట్టం కుడికో ఎడమకో మళ్లుతుంది. ధార ఏ వైపు మళ్లితే దానిని బట్టి వాహనం తిరుగుతుంది. అంటే ధార ఉన్నంతవరకే మలుపు. యాక్సిలరేటర్ వదిలితే ధార ఆగిపోతుంది. ధార ఆగిన క్షణంలో హ్యాండిల్‌ను ఎంత తిప్పినా వాహనం దాదాపుగా అదే దిశలో ముందుకు జారిపోతుంది.

ఎదురుగా హఠాత్తుగా ఒక మనిషి గాని, పడవ గాని కనిపించినప్పుడు మానవ సహజమైన ప్రతిస్పందన ఏమిటి? రహదారిపై అలవాటైన వ్యక్తి వెంటనే యాక్సిలరేటర్ వదిలేసి, హ్యాండిల్‌ను పక్కకు తిప్పుతాడు. రహదారిపై ఇది సరియైన పనే. జెట్ స్కీపై మాత్రం ఇదే పెద్ద పొరపాటు అవుతుంది. అదుపును ఇచ్చే ధారను తానే ఆపివేసి, అదుపులేని వాహనంపై కూర్చొని ఎదుటివారి మీదికి పోవడం జరుగుతుంది. సరియైన పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. యాక్సిలరేటర్‌ను కొంత పట్టి ఉంచి, ఖాళీగా ఉన్న వైపునకు హ్యాండిల్ తిప్పి తప్పుకోవాలి. ఈ అలవాటు చెప్పినంత మాత్రాన రాదు. ఖాళీ నీటిలో కొన్నిసార్లు అభ్యాసం చేసిన తరువాతనే వస్తుంది.

ఈ లోపాన్ని సవరించేందుకు ఉత్పత్తిదారులు కొన్ని మార్పులు చేశారు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు కూడా కొంత మలుపునిచ్చే ఏర్పాట్లు, నీటి ధారను వెనుకకు మళ్లించి వేగం తగ్గించే బ్రేకు వంటి ఏర్పాట్లు ఇటీవలి నమూనాలలో ఉన్నాయి. అయితే అద్దెకిచ్చే కేంద్రాలలో పాత నమూనాలు చాలాకాలం వాడుకలో ఉంటాయి. కనుక తన వద్దనున్న వాహనం ఏ రకానికి చెందినదో నిర్వాహకుడు తెలుసుకొని, నడిపే వ్యక్తికి స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది.

వేగము, బరువు చెప్పే లెక్క

నీరు మెత్తనిదని, నీటిపై ఢీకొన్నా పెద్దగా దెబ్బ తగలదని అనేకులు భావిస్తారు. లెక్క వేసి చూస్తే వాస్తవం తెలుస్తుంది. కూర్చొని నడిపే జెట్ స్కీ బరువు సాధారణంగా 200 నుండి 400 కిలోల వరకు ఉంటుంది. 350 కిలోల వాహనంపై ఇద్దరు పెద్దవారు కూర్చుంటే మొత్తం సుమారు 500 కిలోలు. ఆ వాహనం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకుంటే, అది ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. నడిపే వ్యక్తి ప్రమాదాన్ని గుర్తించి స్పందించడానికి రెండు సెకన్లు పట్టినా, ఆ లోగానే వాహనం 33 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. ఎదురెదురుగా అదే వేగంతో వస్తున్న రెండు వాహనాల మధ్య 100 మీటర్ల దూరం ఉన్నట్లయితే, అవి ఢీకొనడానికి మిగిలేది మూడు సెకన్ల వ్యవధి మాత్రమే.

దెబ్బ తీవ్రతను మరో విధంగా అర్థం చేసుకోవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగం అనగా సుమారు 14 మీటర్ల ఎత్తు నుండి, అంటే దాదాపు నాలుగంతస్తుల మేడ పైనుండి పడిన వస్తువు నేలను తాకే వేగంతో సమానం. ఆ వేగంతో వస్తున్న వాహనం, మెడ వరకు నీటిలో మునిగి తల మాత్రమే పైకి కనిపిస్తున్న ఈతగాడిని తాకితే పరిణామం ఏమిటో ఊహించవచ్చు. కెరటాల మధ్య ఆ తల నడిపేవారికి కొన్ని మీటర్ల దూరానికి వచ్చేవరకు కనిపించకపోవచ్చు. అమెరికాలో జాతీయ రవాణా భద్రతా మండలి 1998లో వ్యక్తిగత జలవాహనాలపై ఒక అధ్యయనం వెలువరించింది. వినోద పడవలన్నింటిలో, మరణాలకు ప్రధాన కారణం నీట మునగడం కాకుండా దెబ్బ తగలడమైన తరగతి ఇదొక్కటేనని ఆ అధ్యయనం గుర్తించింది. తగిన అనుభవం లేని వ్యక్తులు, అందునా అద్దెకు తీసుకొని నడిపేవారు ప్రమాదాలలో పాలుపంచుకోవడాన్ని కూడా అది ప్రస్తావించింది. కనుక లైఫ్ జాకెట్ తప్పనిసరే అయినప్పటికీ, అదొక్కటే చాలదు. అది మునగకుండా కాపాడుతుందే గాని, ఢీకొనకుండా కాపాడదు.

ప్రమాదం ఎవరికి?

మొదటి వరుసలో ఉన్నవారు స్నానం చేసేవారు, ఈత కొట్టేవారు. మన తీరాలలో అధిక సంఖ్యాకులు ఈత రానివారే. కార్తీక మాసంలోను, పండుగ దినాలలోను నదీ ఘాట్లలో వేలాది మంది స్త్రీలు, వృద్ధులు, పిల్లలు నీటిలో దిగుతారు. వీరికి వేగంగా పక్కకు తప్పుకోవడం సాధ్యం కాదు.

రెండవ వర్గం మత్స్యకారులు. తెప్పలపైన, చిన్న నాటు పడవలపైన చేపల వేటకు వెళ్లేవారు నీటి మట్టానికి అతి దగ్గరగా కూర్చుంటారు. దూరం నుండి వీరు కనిపించరు. తీరం నుండి లాగే అలివి వలల తాళ్లు నీటిలో చాలా దూరం పరచుకొని ఉంటాయి. జెట్ స్కీ ఆ వల మీదుగా పోతే వల తెగుతుంది, మత్స్యకార కుటుంబానికి ఆ రోజు జీవనాధారం పోతుంది. తాళ్లు, వల ముక్కలు జాలీ గుండా లోపలికి పోయి యంత్రం హఠాత్తుగా ఆగిపోతే, నడిపే వ్యక్తి తీరానికి దూరంగా చిక్కుకుపోతాడు. నష్టం ఇరువర్గాలదీ.

మూడవ వర్గం నాటు పడవలు, పుట్లు, పంట్లపై ప్రయాణించేవారు. వేగంగా పోయే వాహనం తన వెనుక అలలను సృష్టిస్తుంది. నిండుగా ప్రయాణికులతో ఉన్న చిన్న పడవ పక్క నుండి జెట్ స్కీ దూసుకుపోతే, ఆ అల తాకిడికి పడవ ఊగుతుంది. భయపడిన ప్రయాణికులు ఒకే వైపునకు ఒరిగితే పడవ బోల్తా పడే ప్రమాదం ఉన్నది. ఢీకొనకుండానే ప్రాణనష్టం జరిగే మార్గమిది.

వాహనంపై వెనుక కూర్చున్న వ్యక్తి కూడా ప్రమాదానికి అతీతుడు కాడు. ఒక్కసారిగా వేగం పెంచినప్పుడు వెనుక కూర్చున్నవారు వెనుకకు పడి, సరిగ్గా నీటి ధార ముందు పడే అవకాశం ఉంది. బలమైన ధార శరీర అంతర్భాగాలకు తీవ్ర గాయాలు చేయగలదని ఉత్పత్తిదారులే తమ సూచనలలో హెచ్చరిస్తున్నారు. ఈ కారణంగానే మందమైన రబ్బరు తరహా దుస్తులు ధరించవలసిందిగా వారు సూచిస్తారు. పలుచని స్నానపు దుస్తులు ఇందుకు రక్షణ ఇవ్వవు.

మనుష్యులతో పాటు జలచరాలను కూడా విస్మరించరాదు. ప్రతి ఏడాది జనవరి నుండి ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇవి శ్వాస కోసం నీటి పైకి రాక తప్పదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ పొందిన ఈ ప్రాణులు తీరానికి దగ్గరగా తిరిగే నెలలలో, గుడ్లు పెట్టే తీర భాగాలలో వేగ వాహనాలను నియంత్రించడం అవసరం. అమెరికాలో జాతీయ ఉద్యానవనాల విభాగం 2000 సంవత్సరంలోనే తన పరిధిలోని అత్యధిక ప్రాంతాలలో ఈ వాహనాలను నిషేధిస్తూ నిబంధన తెచ్చింది.

చట్టంలో ఖాళీ: బ్రిటన్ అనుభవం

నియమాలు లేకపోతే ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి బ్రిటన్ అనుభవం పరిశీలించదగినది. 2004లో ఇంగ్లండు దక్షిణ తీరాన వేమౌత్ వద్ద ఒక జెట్ స్కీ మరొక జెట్ స్కీని ఢీకొనగా, ఒక వ్యక్తి తీవ్రంగా గాయపడ్డాడు. ఢీకొట్టిన వ్యక్తిపై వాణిజ్య నౌకల చట్టం కింద కేసు నమోదైంది. 2005లో అప్పీలు న్యాయస్థానం తీర్పు వెలువరించింది. ఆ చట్టం ప్రకారం ఓడ అంటే జలయానానికి ఉపయోగించేది కావాలని, వినోదం కోసం నీటిపై అటూ ఇటూ తిరిగే జెట్ స్కీ ఆ నిర్వచనంలోకి రాదని న్యాయస్థానం అభిప్రాయపడింది. ఫలితంగా ఓడల అధికారులకు వర్తించే శిక్షా నిబంధనలు జెట్ స్కీ నడిపేవారికి వర్తించకుండా పోయాయి.

ఆ ఖాళీని పూడ్చడానికి 17 సంవత్సరాలకు పైగా పట్టింది. 2023 మార్చి 31న అమలులోకి వచ్చిన ప్రత్యేక ఉత్తర్వు ద్వారా జెట్ స్కీల వంటి వాహనాలను ఆ చట్ట పరిధిలోకి తెచ్చారు. ప్రమాదకరంగా నడిపి ఇతరులకు హాని కలిగించేవారికి రెండేళ్ల వరకు జైలు శిక్ష, పరిమితి లేని జరిమానా విధించే వీలు దీనితో కలిగింది. ఒక్క పదం నిర్వచనం స్పష్టంగా లేకపోయినందువల్ల బాధితులకు న్యాయం అందడంలో ఎంత జాప్యం జరిగిందో ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

మన చట్టాలు ఏమి చెబుతున్నాయి?

ఈ విషయంలో మన శిక్షా చట్టం మెరుగైన స్థితిలో ఉన్నది. నీటిపై మనుష్యులను లేక ఆస్తిని మోసుకుపోవడానికి తయారైన ఏ సాధనాన్నైనా జలయానంగా పరిగణించే విస్తృత నిర్వచనం భారత శిక్షా స్మృతిలో ఉండేది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ నిర్వచనాన్ని కొనసాగించింది. జలయానం వినోదానికా, ప్రయాణానికా అన్న ప్రశ్న ఈ నిర్వచనంలో లేదు. సంహితలోని 282వ సెక్షన్ ప్రకారం ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా, నిర్లక్ష్యంగా జలయానాన్ని నడిపినవారికి ఆరు నెలల వరకు జైలు శిక్ష లేక పది వేల రూపాయల వరకు జరిమానా లేక రెండూ విధించవచ్చు. నిర్లక్ష్యం వలన మరణం సంభవిస్తే 106వ సెక్షన్ వర్తిస్తుంది. దాని కింద అయిదేళ్ల వరకు శిక్షకు వీలున్నది.

నదులు, జలాశయాల వంటి లోతట్టు జలాలకు సంబంధించి 1917 నాటి పాత చట్టం స్థానంలో లోతట్టు జలయానాల చట్టం, 2021 వచ్చింది. యంత్రంతో నడిచే జలయానాల నమోదు, తనిఖీ, సిబ్బంది అర్హత, బీమా వంటి అంశాలకు ఇది దేశమంతటా ఒకే చట్రాన్ని ఏర్పరచింది. అమలు బాధ్యత ప్రధానంగా రాష్ట్రాలపై ఉన్నది. శిక్షణ విషయానికి వస్తే, కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ పరిధిలో గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ పనిచేస్తున్నది. పడవ నడపడంలోను, ప్రాణరక్షణ పద్ధతులలోను అది శిక్షణ ఇస్తున్నది. అయితే శిక్ష అనేది ప్రమాదం జరిగిన తరువాతి మాట. ప్రమాదం జరగకుండా చూడడం అనుమతి, తనిఖీ, శిక్షణల మీదనే ఆధారపడి ఉంటుంది.

మన జలమార్గాలు నేర్పిన పాఠాలు

కృష్ణా నదిలో ఇబ్రహీంపట్నం సమీపాన పవిత్ర సంగమం వద్ద 2017 నవంబరు 12న పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయలుదేరిన పడవ గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగి పదుల సంఖ్యలో పర్యాటకులు ప్రాణాలు కోల్పోయారు. అనంతరం 2020లో పర్యాటక పడవల రాకపోకల పర్యవేక్షణకు రాష్ట్రంలో తొమ్మిది నియంత్రణ కేంద్రాలను ప్రారంభించారు. ముంబాయి తీరంలో 2024 డిసెంబరు 18న ఇంజను పరీక్షలు జరుపుకుంటున్న నావికాదళ వేగ పడవ అదుపు తప్పి ప్రయాణికుల ఫెర్రీని ఢీకొనగా పది మందికి పైగా మరణించారు.

ఈ దుర్ఘటనలలో జెట్ స్కీ ప్రమేయం లేదు. అయినప్పటికీ అవి బోధించే పాఠం ఒకటే. పర్యాటక జలాలలో ఒకరి నిర్లక్ష్యానికి లేక యంత్ర లోపానికి మూల్యం చెల్లించేది ఏ పాపం ఎరుగని ఇతరులు. ముంబాయి ఘటనలో ఫెర్రీపై ఉన్న ప్రయాణికులు తమ దారిన తాము పోతున్నవారే. వేగ వాహనాలను, ప్రజలను ఒకే నీటిలో కలిపి ఉంచరాదన్న సూత్రానికి ఇంతకంటె బలమైన నిదర్శనం అవసరం లేదు.

నీటిపై దారి నియమాలు

సముద్రంపై ఢీకొనే ప్రమాదాల నివారణకు 1972లో అంతర్జాతీయ నియమావళి రూపొందింది. వాటిలో నాలుగు నియమాలు జెట్ స్కీ నడిపే ప్రతి వ్యక్తికీ తెలిసి ఉండాలి. మొదటిది, అన్ని వేళలా చూపుతోను, వినికిడితోను చుట్టుపక్కల గమనిస్తూ ఉండాలి. రెండవది, పరిస్థితులను బట్టి సకాలంలో ఆగగలిగినంత వేగమే సురక్షిత వేగం. మూడవది, రెండు యాంత్రిక వాహనాలు ఎదురెదురుగా వచ్చినప్పుడు రెండూ తమ తమ కుడి వైపునకు తప్పుకోవాలి. నాలుగవది, అడ్డంగా దాటే సందర్భంలో ఏ వాహనానికి కుడి వైపున మరో వాహనం ఉన్నదో, అది తప్పుకొని దారి ఇవ్వాలి. ముందున్న వాహనాన్ని దాటి పోయేవారు దానికి దూరంగానే దాటాలి.

మన రహదారులపై ఎడమ వైపు నడపడం అలవాటు కనుక, ఎదురు వచ్చినప్పుడు కుడికి తప్పుకోవాలన్న నియమాన్ని ప్రత్యేకించి చెప్పవలసి ఉంటుంది. ఒకరు కుడికి, మరొకరు ఎడమకు తిప్పితే ఇద్దరూ ఒకే చోటికి చేరుతారు.

దూరం విషయంలో ఇతర దేశాల నిబంధనలు మార్గదర్శకం కాగలవు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఆరు నాట్లు, అంటే గంటకు సుమారు 11 కిలోమీటర్లు లేక అంతకు మించిన వేగంతో పోయే జెట్ స్కీలు నీటిలోని మనుష్యులకు కనీసం 60 మీటర్ల దూరంలో ఉండాలి. వాటిని నడపడానికి ప్రత్యేక లైసెన్సు కావాలి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 14 ఏళ్ల లోపువారు వీటిని నడపరాదు. 18 ఏళ్లు నిండనివారికి అద్దెకు ఇవ్వరాదు. రాత్రి వేళ నడపరాదు. గాలి నింపుకొనే రకం లైఫ్ జాకెట్లు జెట్ స్కీపై పనికిరావని కూడా అక్కడి నిబంధన. వేగంగా నీటిలో పడినప్పుడు దెబ్బకు తట్టుకొని, స్పృహ తప్పినా తేల్చి ఉంచేది స్పాంజి తరహా జాకెట్ మాత్రమే.

నడిపేవారు పాటించవలసిన జాగ్రత్తలు

1. లైఫ్ జాకెట్‌ను కొలతకు తగినది ఎంచుకొని, పట్టీలన్నీ బిగించుకోవాలి. భుజాల వద్ద పట్టుకొని పైకి లాగినప్పుడు గడ్డం దాటి రాకూడదు. వెనుక కూర్చున్నవారికి కూడా ఇదే నియమం.

2. ఇంజనును ఆపివేసే కిల్ స్విచ్ తాడును మణికట్టుకు లేక జాకెట్‌కు తగిలించుకొన్న తరువాతనే ఇంజను ప్రారంభించాలి. నడిపే వ్యక్తి నీటిలో పడిన వెంటనే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. తాడును హ్యాండిల్‌కే చుట్టి ఉంచడం దానిని లేకుండా చేయడంతో సమానం. అమెరికాలో చిన్న యాంత్రిక పడవలకు కూడా ఈ తాడు వాడకాన్ని 2021 ఏప్రిల్ 1 నుండి తప్పనిసరి చేశారు.

3. మలుపు తిప్పే ముందు ఎడమ, కుడి, వెనుక మూడు వైపులా చూడాలి. రహదారి వలె నీటిపై గీతలు ఉండవు కనుక వాహనం ఏ దిక్కు నుండైనా రావచ్చు.

4. తీరం నుండి బయలుదేరేటప్పుడు, తీరానికి తిరిగి వచ్చేటప్పుడు మనిషి నడక వేగానికి మించరాదు.

5. ఇతర పడవల వెనుక లేచే అలలపై ఎగిరేందుకు ప్రయత్నించడం, స్నేహితులపై నీరు చిమ్మడం, గుండ్రంగా తిప్పడం వంటి విన్యాసాలు చేయరాదు.

6. వాహనం బోల్తాపడితే వెనుక భాగాన అంటించిన గుర్తు చూపిన దిశలోనే తిప్పాలి. ఎక్కడం వెనుక నుండే, ఇంజను ఆగి ఉన్నప్పుడే.

7. మద్యం సేవించినవారు, చిన్న పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకొన్నవారు నడపరాదు.

నిర్వాహకులు, అధికారుల బాధ్యత

వినియోగదారుని జాగ్రత్త ఎంత ముఖ్యమో, నిర్వహణ అంతకంటె ముఖ్యం. కొద్ది నిమిషాల సవారీకి వచ్చిన పర్యాటకుడు నిపుణుడు కాలేడు. అతని అజ్ఞానాన్ని ముందుగానే లెక్కలోకి తీసుకొని ఏర్పాట్లు చేయడమే నిర్వాహకుని ధర్మం. ఇందులో అత్యంత ప్రధానమైనది నీటిని విభజించడం. స్నానాల భాగం, మత్స్యకారుల భాగం, వేగ వాహనాల భాగం వేర్వేరుగా ఉండాలి. రంగు బోయాలతో హద్దులు స్పష్టంగా గుర్తించాలి. తీరం నుండి వేగ వాహనాల భాగానికి పోవడానికి బోయాలతో ఏర్పరచిన ఒకే దారి ఉండాలి. హద్దులు నిర్ణయించే ముందు స్థానిక మత్స్యకార పెద్దలను, సరంగులను సంప్రదించినట్లయితే వలలు వేసే చోట్లు, సుడులు, ఇసుక మేటలు ఎక్కడ ఉన్నవో తెలుస్తుంది. ఈ జ్ఞానం ఏ పటంలోను దొరకదు.

శిక్షణ లేని పర్యాటకుని ఒంటరిగా పంపడం కంటె, శిక్షణ పొందిన చోదకుని వెనుక కూర్చోబెట్టి తీసుకువెళ్లడం సురక్షితం. స్వయంగా నడపడానికి అనుమతించే చోట్ల, ఒడ్డున వివరణ ఇచ్చి, యాక్సిలరేటర్ పట్టి తప్పుకొనే పద్ధతిని ఖాళీ నీటిలో చేయించి చూసిన తరువాతనే వదలాలి. ఏ సమయంలోనైనా నీటిలో ఉన్న వాహనాలన్నింటినీ గమనిస్తూ ఒక వ్యక్తి ఒడ్డున ఉండాలి. అతనికి మరొక పని అప్పగించరాదు. అవసరమైతే వెంటనే బయలుదేరడానికి సిద్ధంగా ఒక రక్షక పడవ, గజ ఈతగాళ్లు, ప్రథమ చికిత్స సామగ్రి ఉండాలి.

వాతావరణ సమాచారం విషయంలో మనకు ఒక సౌలభ్యం ఉన్నది. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం అలల ఎత్తు, ప్రవాహాలు, గాలులపై ముందస్తు సమాచారాన్ని, ఎత్తైన అలల హెచ్చరికలను ఎప్పటికప్పుడు విడుదల చేస్తున్నది. ప్రతి ఉదయం ఈ సమాచారం చూసి, హెచ్చరిక ఉన్న రోజున జలక్రీడలను నిలిపివేయాలి. నదులు, జలాశయాలలో పైనుండి నీటిని విడుదల చేసే సమాచారాన్ని జలవనరుల శాఖ నుండి ముందుగా తెలుసుకోవాలి.

తనిఖీకి వెళ్లే అధికారి కాగితాలకు పరిమితం కాకుండా కొన్ని విషయాలను ప్రత్యక్షంగా చూడాలి. కిల్ స్విచ్ తాడును లాగి ఇంజను నిజంగా ఆగుతున్నదా అని పరీక్షించాలి. లైఫ్ జాకెట్ల పట్టీలు, లోపలి స్పాంజి పాడైపోలేదని నిర్ధారించుకోవాలి. పిల్లల కొలతల జాకెట్లు ఉన్నాయా అని చూడాలి. ఇంధనం నింపే చోట పొగ తాగడాన్ని నిషేధించారా, ఇంధన వాసన వస్తే ఇంజను ప్రారంభించరాదన్న సంగతి సిబ్బందికి తెలుసా అని ప్రశ్నించాలి. బీమా పత్రం అమలులో ఉన్నదా, అది మూడవ పక్షానికి జరిగే నష్టాన్ని కూడా భరిస్తుందా అన్నది తప్పక చూడాలి. గాయపడేది పక్కనున్నవారు అయినప్పుడు ఈ బీమాయే వారి కుటుంబానికి ఆధారం.

తీరంలో ఉన్నవారికి సూచనలు

గుర్తించిన హద్దులు దాటి ఈత కొట్టరాదు. జెట్ స్కీలు బయలుదేరే దారికి అడ్డంగా నడవరాదు. ఎవరైనా ప్రమాదంలో ఉన్నట్లు కనిపిస్తే ఈత రానివారు నీటిలోకి దూకక, తేలే వస్తువును గాని, తాడును గాని విసరాలి. వెంటనే అత్యవసర సేవల 112 నంబరుకు, సముద్రంలోనైతే తీర రక్షక దళానికి చెందిన 1554 నంబరుకు ఫోన్ చేయాలి. దెబ్బ తగిలిన వ్యక్తి మెడ, వెన్నెముకలకు గాయమై ఉండవచ్చు కనుక, నీటిలో నుండి తీసేటప్పుడు మెడను కదలకుండా పట్టుకోవాలి.

పాత్రికేయులకు విజ్ఞప్తి

ప్రమాదం జరిగినప్పుడు మృతుల సంఖ్యతో వార్త ముగియకుండా, కారణాన్ని వెలికితీసే ప్రశ్నలు అడిగినట్లయితే తదుపరి ప్రమాదాన్ని నివారించిన వారవుతారు. వాహనం నమోదైనదా? నడిపినవారికి ఎంతసేపు శిక్షణ ఇచ్చారు? కిల్ స్విచ్ తాడు తగిలించి ఉన్నదా? ఢీకొన్న చోట స్నానాల భాగానికి, వేగ వాహనాల భాగానికి మధ్య హద్దు ఉన్నదా? ఒడ్డున గమనించే వ్యక్తి ఉన్నాడా? ఈ ప్రశ్నలకు లభించే సమాధానాలే సాధారణంగా ప్రమాదానికి అసలు కారణాన్ని చూపుతాయి. చోదకుని తప్పిదమని ఒక్క మాటతో సరిపెట్టడం వలన, ఆ తప్పిదానికి అవకాశమిచ్చిన ఏర్పాట్లు యథాతథంగా మిగిలిపోతాయి.

జలక్రీడలు పర్యాటక రంగానికి ఆదాయాన్ని, తీర ప్రాంత యువతకు ఉపాధిని కల్పించగలవు. అది జరగాలంటే పిల్లలతో తీరానికి వచ్చిన కుటుంబం భయం లేకుండా నీటిలో దిగగలగాలి, మత్స్యకారుని వల భద్రంగా ఒడ్డుకు చేరాలి. నదులు, సముద్రం అందరివీ. వేగం కోరేవారికి హద్దులు నిర్ణయించడం వినోదాన్ని అడ్డుకోవడం కాదు, అందరికీ ఆ నీటిపై సమాన హక్కు కల్పించడమే. సంబంధిత శాఖల అధికారులు, నిర్వాహకులు, సందర్శకులు ఈ అంశాలను దృష్టిలో ఉంచుకొని వ్యవహరించవలసిందిగా విజ్ఞప్తి.